ఆసుపత్రికి చేరాక కూడా ప్రాణం ఎందుకు పోతోంది? పురుగుల మందు, ఓపియాయిడ్ విషప్రభావం వెనుక ఉన్న లెక్క

శ్రీకాకుళం, విజయనగరం జిల్లా పేజీల్లో తరచూ కనిపించే వార్త ఒకటుంది. పురుగుల మందు తాగిన వ్యక్తి రిమ్స్‌లోనో, విజయనగరం పెద్దాసుపత్రిలోనో, విశాఖ కేజీహెచ్‌లోనో చికిత్స పొందుతూ చనిపోయారని నాలుగు వాక్యాలు వస్తాయి. ఊరు, వయసు, కేసు రాసుకున్న ఎస్సై పేరు ఉంటాయి. సీసాలో ఉన్న మందేమిటి, ఎంతసేపటికి ఆసుపత్రికి చేరారు, చేరాక ఎన్నో రోజున పరిస్థితి తిరగబడింది, ఊపిరి ఎందుకు ఆగింది అన్నవి మాత్రం ఉండవు. అవి తెలియకపోతే ఆ చావు ఆపగలిగినదో కాదో ఎవరికీ అర్థం కాదు. ఊళ్లో మిగిలేది రెండే మాటలు: ‘టైం అయిపోయింది’, లేదంటే ‘డాక్టర్లు పట్టించుకోలేదు’.

ఇంకోవైపు ఫోన్లో వేరే దేశాల వార్తలు వస్తుంటాయి. అమెరికాలో 2022లో మత్తుమందులు మోతాదు మించి లక్ష మందికి పైగా చనిపోయారు. వాటిలో దాదాపు 80 వేల మరణాల్లో ఓపియాయిడ్లు, అంటే నల్లమందు తరహా మందులు ఉన్నాయి. ఇరాన్ ఆసుపత్రుల్లో నల్లమందు, మెథడోన్, ట్రమడాల్ విషప్రభావంతో వచ్చే రోగులు ఎక్కువ. టెహ్రాన్‌లోని లొఘ్మాన్ హకీం ఆసుపత్రి ఇలాంటి కేసుల చికిత్సకే పేరుపడింది. మన దగ్గర ఏజెన్సీ గంజాయి వార్తలు వీటితో కలిసిపోయి, అంతా ‘డ్రగ్స్’ అనే ఒకే ముద్దగా తయారైంది. విడదీసి చూస్తే రెండు విషాల కథలు వేరు, వాటి నుంచి మనిషిని కాపాడే దారులూ వేరు.

దేన్ని ఏమంటారు

తక్కువ సమయంలో ఒంట్లోకి ఎక్కువ విషం వెళ్లి, గంటల్లో లేదా రోజుల్లో ప్రాణం మీదికి వస్తే దాన్ని తీవ్ర విషప్రభావం అంటారు. ఏళ్ల తరబడి పొలంలో పురుగుమందు కొడుతూ కొంచెం కొంచెంగా ఒంట్లోకి చేరేది వేరే సమస్య. ఉద్దానం కిడ్నీ జబ్బుకు పురుగుమందులు కారణమా అన్న ప్రశ్న ఆ రెండో కోవకు చెందుతుంది. దానికి కచ్చితమైన జవాబు ఇంకా దొరకలేదు. ఈ వ్యాసం మొదటి దాని గురించే.

‘పురుగుల మందు’ అని మనం ఒకే మాటతో చెప్పేది నిజానికి ఎన్నో రకాల రసాయనాలు. పురుగును చంపేవి, గడ్డి మందులు, తెగుళ్ల మందులు, ఎలుకల మందులు అన్నీ ఇందులోకి వస్తాయి. పురుగును చంపే వాటిలోనే ఆర్గానోఫాస్ఫేట్లు, కార్బమేట్లు, పైరిథ్రాయిడ్లు అని వేర్వేరు కుటుంబాలున్నాయి. కొన్నింటికి విరుగుడు ఉంది, కొన్నింటికి లేదు. అందుకే క్యాజువాలిటీలో డాక్టరు మొదట అడిగేది ‘సీసా తెచ్చారా?’ అని.

ఓపియాయిడ్లు అంటే నల్లమందు, దాని నుంచి వచ్చే మార్ఫిన్, కొడీన్, వాటిలాగే పనిచేసేలా తయారు చేసిన ట్రమడాల్, మెథడోన్, ఫెంటానిల్ వంటివి. నొప్పి తగ్గించడంలో వీటిని మించినవి తక్కువ. గంజాయి ఓపియాయిడ్ కాదు. మామూలు నిద్రమాత్రలూ కావు. 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ, ఎయిమ్స్ కలిసి విడుదల చేసిన సర్వే ప్రకారం దేశంలో సుమారు 2.26 కోట్ల మంది ఓపియాయిడ్లు వాడుతున్నారు, అంటే జనాభాలో రెండు శాతం చిల్లర. చిన్న సంఖ్య కాదు.

రెండు విషాలూ ఊపిరినే ఆపుతాయి, కానీ వేర్వేరు దారుల్లో

మన నరాలు కండరాలకు, గ్రంథులకు పని చెప్పడానికి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వాడతాయి. పని అయిపోగానే దాన్ని ఒక ఎంజైమ్ విరగ్గొట్టేస్తుంది. ఆర్గానోఫాస్ఫేట్లు ఆ ఎంజైమ్‌ను కట్టిపడేస్తాయి. దాంతో పని చెప్పే రసాయనం పేరుకుపోయి, ఆగకుండా పని చెబుతూనే ఉంటుంది. నోటి నుంచి చొంగ, కళ్ల నుంచి నీరు, ఒళ్లంతా చెమట, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. ఊపిరితిత్తుల్లో నీరులాంటి ద్రవం నిండుతుంది. కండరాలు అదిరి అదిరి చివరికి పట్టు తప్పుతాయి. శ్వాస తీసుకోవాల్సిన కండరం అలసిపోతుంది, గాలి వెళ్లాల్సిన గొట్టాలు ద్రవంతో మూసుకుపోతాయి, మెదడులోని శ్వాసకేంద్రం కూడా దెబ్బతింటుంది. మూడు వైపుల నుంచి ఒకేసారి పడే దెబ్బ ఇది.

ఓపియాయిడ్‌కు ఒకే దారి. మెదడు అడుగు భాగంలో ‘ఊపిరి తీసుకో’ అని గుర్తు చేసే కేంద్రం ఒకటుంది. ఓపియాయిడ్ దాన్ని నిద్రపుచ్చుతుంది. ఊపిరితిత్తులు బాగుంటాయి, కండరాలు బాగుంటాయి, ఆ గుర్తు చేయడమే ఆగిపోతుంది. నిమిషానికి పన్నెండు పదిహేనుసార్లు ఆడాల్సిన శ్వాస ఆరుకో నాలుగుకో పడిపోతుంది. పక్కనున్నవాళ్లకు గాఢనిద్రలో ఉన్నట్టే కనిపిస్తుంది. మద్యం, నిద్రమాత్రలు తోడైతే ఈ ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

చిక్కేమిటంటే రెండింటిలోనూ కంటిపాపలు గుండుసూది మొనంత చిన్నవవుతాయి. ఒక ఊహా సన్నివేశం చూద్దాం. రాత్రి పూట జిల్లా ఆసుపత్రికి ఇద్దరు స్పృహ లేని రోగులు వచ్చారనుకుందాం. ఇద్దరి వెంటా వచ్చినవాళ్లు ‘ఏం జరిగిందో తెలీదు బాబూ’ అంటున్నారు. ఇద్దరి కంటిపాపలూ చిన్నవే. మొదటి రోగి ఒళ్లు తడిసి ముద్దయింది, ఛాతీలో గురగుర చప్పుడు ఉంది, తొడల కండరాలు సన్నగా అదురుతున్నాయి, బట్టల నుంచి మందు వాసన వస్తోంది. రెండో రోగి ఒళ్లు పొడిగా ఉంది, ఛాతీ శుభ్రంగా ఉంది, శ్వాస మాత్రం నిమిషానికి ఐదుసార్లే. మొదటి వ్యక్తికి కావాల్సింది ఆర్గానోఫాస్ఫేట్‌కు విరుగుడైన అట్రోపిన్, ఆక్సిజన్, బహుశా వెంటిలేటర్. రెండో వ్యక్తికి ముందు మాస్క్ పెట్టి శ్వాస అందించాలి, తర్వాత ఓపియాయిడ్‌కు విరుగుడైన నలాక్సోన్ ఇంజెక్షన్ ఇవ్వాలి. అట్రోపిన్, ఆర్గానోఫాస్ఫేట్లు కట్టిపడేసిన ఎంజైమ్‌ను విడిపించడానికి ఇచ్చే ప్రాలిడాక్సిం, నలాక్సోన్ మూడూ జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నవే.

నలాక్సోన్ పనిచేస్తే కళ్ల ముందే మనిషి లేచి కూర్చుంటాడు. అక్కడే కుటుంబం పొరబడుతుంది. నలాక్సోన్ పట్టు అరగంట నుంచి గంటన్నర వరకే. మెథడోన్ లాంటి ఓపియాయిడ్ ప్రభావం రోజు దాటి కూడా ఉంటుంది. ‘బాగైపోయాడు, ఇంటికి పంపేయండి’ అని తీసుకెళ్లిన మనిషి ఇంట్లో మళ్లీ నిద్రలోకి జారి, ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. ట్రమడాల్‌తో ఇంకో ఇబ్బంది, దానివల్ల మూర్ఛలు కూడా వస్తాయి. వాటిని నలాక్సోన్ ఆపలేదు.

అయినా ఒకటి స్పష్టంగా చెప్పవచ్చు. ఓపియాయిడ్ రోగి సమయానికి శ్వాస అందించే చోటికి చేరితే బతికే అవకాశం చాలా ఎక్కువ. పురుగుల మందు విషయంలో అలా చెప్పలేం. అక్కడ ఆసుపత్రి ఎంత బాగా పనిచేసినా, ఫలితంలో పెద్ద భాగాన్ని సీసాలో ఏముందన్నదే నిర్ణయిస్తుంది.

‘నిన్న మాట్లాడాడు, ఇవాళ పోయాడు’

పురుగుల మందు కేసుల్లో ఆసుపత్రి మీద కోపం ఎక్కువగా పుట్టేది మూడో రోజు, నాలుగో రోజు. మనిషి కళ్లు తెరిచాడు, నీళ్లు అడిగాడు, అమ్మను గుర్తుపట్టాడు. మర్నాడు ఊపిరి అందక వెంటిలేటర్ మీదికి వెళ్లాడు. ఏదో తప్పు జరిగిందని అనిపించడం సహజం.

దీనికి వైద్యంలో ‘ఇంటర్మీడియట్ సిండ్రోమ్’ అని పేరు. 1987లో శ్రీలంక వైద్యులు దీన్ని మొదటిసారి వివరంగా రాశారు. విషం తాగిన ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య, మొదటి లక్షణాలు తగ్గాక, మెడ కండరాలు, భుజాలు, శ్వాస కండరాలు బలహీనపడతాయి. తల దిండు మీద నుంచి ఎత్తగలరా అని డాక్టర్లు రోజూ అడిగి చూసేది దీన్ని ముందే పట్టుకోవడానికే. ఈ దశకు విరుగుడు మందు లేదు. కండరాలు కోలుకునే వరకు వెంటిలేటర్ సాయంతో శ్వాస నడిపించాలి. కొందరికి రోజులు, కొందరికి వారాలు పడుతుంది. అంటే ఆ మూడో రోజున వెంటిలేటర్ ఖాళీగా ఉందా, రాత్రి పూట గమనించే నర్సు ఎంతమంది రోగులను చూస్తున్నారు అన్నవే ప్రాణాన్ని నిర్ణయిస్తాయి.

కుటుంబాన్ని భయపెట్టేది ఇంకొకటుంది. అట్రోపిన్ ఎక్కువైతే రోగి పలవరిస్తాడు, గాల్లో ఏదో పట్టుకుంటున్నట్టు చేతులు ఆడిస్తాడు, సెలైన్ పీకేస్తాడు, ఒళ్లు కాలిపోతుంది. ‘పిచ్చెక్కించేశారు’ అని బంధువులు గోల పెడతారు. తక్కువ ఇస్తే ఊపిరితిత్తులు ఆరవు, ఎక్కువ ఇస్తే మనిషి అదుపు తప్పుతాడు. ఛాతీ శుభ్రపడిందా, చంకలు ఆరాయా, గుండె వేగం, బీపీ సరిపడా ఉన్నాయా అని మాటిమాటికి చూసుకుంటూ మోతాదు మార్చాలి. మనుషులు సరిపోని వార్డులో అన్నిటికంటే కష్టమైన పని ఇదే.

కక్కించడం, కడుపు కడగడం: అలవాటు ఒకటి, ఆధారం ఒకటి

మన ఊళ్లలో మొదట జరిగేది కక్కించడం. కుంకుడుకాయ రసం, ఉప్పునీళ్లు, చింతపండు పులుసు, పేడనీళ్లు, ఏది చేతికందితే అది పోస్తారు. ఆ కంగారులో అలా చేసేవాళ్లను తప్పుపట్టలేం. కానీ సగం స్పృహలో ఉన్న మనిషి కక్కినప్పుడు ఆ కక్కు, దాంతో పాటు మందును కరిగించడానికి వాడిన ద్రావకం ఊపిరితిత్తుల్లోకి జారతాయి. విషం తట్టుకున్నవాళ్లు కూడా ఆ తర్వాత వచ్చే న్యుమోనియాతో పోతారు. సమయమూ పోతుంది. సీతంపేట కొండల మీది ఊరి నుంచి డోలీలో దించి, ఆపైన అంబులెన్స్ ఎక్కించాల్సిన చోట ఆ అరగంట విలువ చాలా ఎక్కువ.

ఆసుపత్రిలో గొట్టం వేసి కడుపు కడగడం మీద డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. మందు తాగిన కొద్దిసేపట్లోనే చేరి, శ్వాసనాళానికి రక్షణ ఉంటేనే మేలన్నది ఒక వాదన. చాలామంది ఆలస్యంగా వచ్చినా కడుగుతారు. కడగకపోతే ‘ఏం చెయ్యలేదు’ అని బంధువులు గొడవకు దిగుతారన్న టెన్షన్ కూడా అందులో ఉంది. కడుపులోని విషాన్ని పీల్చుకోవడానికి ఇచ్చే బొగ్గు పొడి విషయంలో 2008లో శ్రీలంకలో 4,600 మందికి పైగా రోగుల మీద జరిగిన పరీక్షలో, అది ఇచ్చినవాళ్లకూ ఇవ్వనివాళ్లకూ మరణాల్లో తేడా కనిపించలేదు. ప్రాలిడాక్సిం మీద వాదన ఇంకా నడుస్తోంది. మహారాష్ట్రలోని బారామతిలో జరిగిన పరీక్ష ఫలితాలు 2006లో వచ్చినప్పుడు ఎక్కువ మోతాదు ఆపకుండా ఇస్తే మేలు కనిపించింది. 2009లో శ్రీలంక పరీక్షలో మేలు కనిపించలేదు. మందు రకం, రోగి చేరిన సమయం వేరు కావడం ఈ తేడాకు ఒక కారణం కావచ్చు. కాబట్టి ఒక ఆసుపత్రిలో ఇచ్చిన ఇంజెక్షన్ ఇంకో ఆసుపత్రిలో ఇవ్వకపోతే దాన్ని వెంటనే నిర్లక్ష్యం అనలేం.

ఏ ఆసుపత్రిలో ఎక్కువ చనిపోతున్నారు అన్న ప్రశ్నలో ఉన్న ఉచ్చు

చేరిన వందమందిలో ఎంతమంది చనిపోయారన్నది మరణాల శాతం. చూడటానికి సులువైన లెక్కే. కానీ రిఫరల్ అనేది ఈ లెక్కను తలకిందులు చేస్తుంది. ఊహా సంఖ్యలతో ఒక ఉదాహరణ.

జిల్లా ఆసుపత్రికి 100 మంది వచ్చారు. 70 మంది పరిస్థితి తేలిక, 30 మందిది విషమం. ఆ 30 మందిలో 20 మందిని విశాఖకు రాశారు. మిగిలిన 80 మందిలో నలుగురు చనిపోయారు, ఆ నలుగురూ మిగిలిన పది మంది విషమ రోగుల్లోని వాళ్లే. జిల్లా ఆసుపత్రి మరణాల శాతం 5. ఇప్పుడు పెద్దాసుపత్రి చూడండి. ఇలాంటి మూడు ఆసుపత్రుల నుంచి 60 మంది విషమ రోగులు వచ్చారు. నేరుగా వచ్చిన 40 మందిలో 28 మందిది తేలిక, 12 మందిది విషమం. మొత్తం 72 మంది విషమ రోగుల్లో 24 మంది చనిపోయారు. పెద్దాసుపత్రి మరణాల శాతం 24.

పైకి చూస్తే 5 ఎక్కడ, 24 ఎక్కడ! కానీ విషమ రోగులను మాత్రమే పోల్చితే జిల్లా ఆసుపత్రిలో పదిమందిలో నలుగురు, అంటే 40 శాతం పోయారు. పెద్దాసుపత్రిలో 72 మందిలో 24, అంటే 33 శాతం. బాగా చూసిన ఆసుపత్రే లెక్కలో అధ్వానంగా కనిపించింది.

దీనికి తోడు, దారిలోనే పోయినవాళ్లు ఏ ఆసుపత్రి మరణాల్లోకీ రారు. ‘ఇక లాభం లేదు, ఇంటికి తీసుకుపోతాం’ అని సంతకం పెట్టి తీసుకెళ్లినవాళ్లు డిశ్చార్జి కిందే నమోదవుతారు. ఇచ్ఛాపురం, సోంపేట వైపు వాళ్లు దగ్గరని బరంపురం పోతారు, ఆ మరణం ఒడిశా ఆసుపత్రి రికార్డులో ఉంటుంది. ఒకే మనిషి ఒకచోట రిఫరల్‌గా, ఇంకోచోట మరణంగా రెండుసార్లు లెక్కకు వస్తాడు.

ఇరాన్ అంకెలనో అమెరికా అంకెలనో మనకు అన్వయించేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త కావాలి. ఎంతమంది ఆ విషంతో వస్తున్నారు, వచ్చినవాళ్లలో ఎంతమంది పోతున్నారు అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ఓపియాయిడ్లు విరివిగా వాడే దేశంలో ఒక్కో రోగికి ప్రమాదం తక్కువైనా మొత్తం మరణాలు ఎక్కువవుతాయి. వరి, మొక్కజొన్న, పత్తి పండే మన జిల్లాల్లో ప్రతి ఇంట్లో ఏదో ఒక మందు సీసా ఉంటుంది. మన దగ్గర బరువు అటే.

త్రికోణం రంగు చెప్పేది, చెప్పనిది

1968 నాటి పురుగుమందుల చట్టం, 1971 నాటి నిబంధనల ప్రకారం ప్రతి సీసా మీదా ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చల్లో ఒక రంగు త్రికోణం ఉండాలి. ఎరుపు అతి విషపూరితం, ఆకుపచ్చ తక్కువ. ఈ వర్గీకరణకు ఆధారం ఎలుకల మీద చేసిన పరీక్షలు. మనుషుల్లో, అదీ ఆసుపత్రిలో చికిత్స అందుతున్నప్పుడు ఏం జరుగుతుందో ఆ రంగు చెప్పదు. 2010లో శ్రీలంకలో 9 వేల మందికి పైగా రోగులను గమనించిన అధ్యయనంలో మందును బట్టి మరణాలు సున్నా నుంచి 40 శాతం పైదాకా మారాయి. ప్రమాద వర్గం ఒకటే అయిన మందుల మధ్య కూడా చాలా తేడా కనిపించింది.

నిషేధాల వాదన ఇక్కడే మొదలవుతుంది. శ్రీలంక 1995 నుంచి అత్యంత ప్రమాదకరమైన మందులను విడతలవారీగా ఆపేసింది. తర్వాతి ఇరవై ఏళ్లలో అక్కడి ఆత్మహత్యల రేటు 70 శాతం దాకా తగ్గింది, పంట దిగుబడులు మాత్రం పడిపోలేదు. ఆ క్షణపు ఆవేశంలో చేతికందిన మందు తక్కువ ప్రమాదకరమైనదైతే మనిషి బతుకుతాడు, బతికినవాళ్లలో చాలామంది మళ్లీ ఆ దారి పట్టరు అన్నది దీని వెనుక ఉన్న తర్కం. మందులను ఇంట్లో తాళం పెట్టెలో దాచుకోవాలన్న సలహా మనకు బాగా నచ్చుతుంది, కానీ శ్రీలంకలోనే వేల ఇళ్లలో పెట్టెలు పంచి చూస్తే విషం తాగే సంఘటనలు తగ్గలేదని 2017లో తేలింది.

అవతలి మాటలోనూ బరువుంది. కలుపు తీతకు కూలీలు దొరకని చోట గడ్డి మందు ఆపేస్తే ఖర్చు ఎవరు భరిస్తారని రైతు అడుగుతాడు. ఒకటి నిషేధిస్తే దాని స్థానంలోకి ఇంకో ప్రమాదకరమైనది రావచ్చు, దొంగచాటుగా పాతదే అమ్మవచ్చు అని వ్యవసాయ రంగంలో పనిచేసేవాళ్లు అంటారు. అప్పు, మద్యం, ఇంట్లో హింస, చికిత్స అందని దిగులు జబ్బు అలాగే ఉంటే సీసా మార్చి ఏం లాభం అని మానసిక వైద్యులు కొందరు అడుగుతారు. నాకు ఈ ప్రశ్నలన్నీ నిజమైనవే అనిపిస్తాయి. కానీ అప్పు తీరడానికి, దిగులు తగ్గడానికి నెలలు, ఏళ్లు కావాలి. ఈలోగా ఆ మనిషి బతికి ఉండాలి కదా.

భారతదేశం నెమ్మదిగా కదిలింది. 2013లో బిహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనంలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుల మందు కలిసి 23 మంది పిల్లలు చనిపోయారు. దాని 36 శాతం ద్రావణాన్ని ఆపుతూ కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది 2023లో, అంటే పదేళ్ల తర్వాత.

నొప్పి మందుల దగ్గర తక్కెడ ఇంకోలా ఉంటుంది

ఓపియాయిడ్లను నిషేధించమని ఎవరూ అనలేరు. ట్రమడాల్ దుర్వినియోగం పెరగడంతో 2018లో దాన్ని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. మెడికల్ షాపులో అడగ్గానే దొరికే రోజులు దాంతో పోవాలి. కానీ కట్టుబాట్లు బిగిస్తే మొదట నలిగేది క్యాన్సర్ రోగి. కఠిన నిబంధనల వల్ల దేశంలో చాలా ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడమే మానేశాయి. 2014లో చట్టాన్ని సవరించి అనుమతులు సులువు చేసినా ఆ భయం పూర్తిగా పోలేదు. విశాఖ అగనంపూడిలోని క్యాన్సర్ ఆసుపత్రిలో చూపించుకుని పలాసకో పార్వతీపురానికో తిరిగి వచ్చిన రోగికి మార్ఫిన్ మాత్ర అవసరమైన మందు. డాక్టరు చెప్పిన మోతాదులో, డాక్టరే కొద్దికొద్దిగా పెంచే పద్ధతిలో వాడితే అది సాధారణంగా ఊపిరి ఆపదు. అదే మాత్రను ఇంట్లో ఇంకొకరు మింగితే ప్రమాదం.

కేసు భయంతో దాచే నిజం

విషం తాగిన ప్రతి కేసూ మెడికో లీగల్ కేసే, ఆసుపత్రి పోలీసులకు చెప్పి తీరాలి. అందుకే ‘తలనొప్పి మందు అనుకుని పొరపాటున తాగింది’, ‘మందు కొడుతుంటే గాలికి తగిలింది’ అని కుటుంబాలు చెబుతాయి. ఏ మందో, ఎంతసేపైందో చెప్పరు. దాంతో మొదటి గంటలు ఊహల మీద నడుస్తాయి.

కానీ చట్టం మారింది. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వం సంరక్షణ ఇవ్వాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత ఐపీసీ 309 సెక్షన్‌లోని ఆత్మహత్యాయత్నం నేరమే లేదు. ప్రభుత్వోద్యోగిని విధులు చెయ్యకుండా ఆపడానికో, బలవంత పెట్టడానికో చేసే ప్రయత్నం మాత్రమే నేరంగా మిగిలింది. పోలీసు వచ్చి వాంగ్మూలం తీసుకోవడం అంటే రోగి మీద కేసు పెట్టడం కాదు. ఈ సంగతి చాలా ఊళ్లకు చేరలేదు. మనసు బరువెక్కినవాళ్లు, వాళ్ల గురించి బెంగపడేవాళ్లు మాట్లాడటానికి ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

మనిషి చనిపోతే పంచనామా, పోస్టుమార్టం జరుగుతాయి. లోపలి అవయవాల నమూనాలు విశాఖలోని ప్రాంతీయ ఫోరెన్సిక్ ల్యాబ్‌కు వెళతాయి. ఏ రసాయనమన్నది అక్కడ తేలినా ఆ నివేదిక కేసు ఫైల్లోకి పోతుంది, చికిత్స చేసిన వార్డుకు తిరిగి రావడం అరుదు. మందు పేరు, చేరిన సమయం, రిఫర్ చేసిన ఆసుపత్రి, చివరికి ఏమైంది అన్న నాలుగు వివరాలు ఒకే నంబరు మీద శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా వెంట నడిస్తే, ఏ సీసా మన రెండు జిల్లాల్లో ఎక్కువమందిని తీసుకుపోతోందో వ్యవసాయ శాఖకు ఏడాది తిరిగేసరికి తెలుస్తుంది. శ్రీలంక తర్వాతి నిషేధాలకు పనికొచ్చింది అలాంటి ఆసుపత్రి లెక్కలే.